ఆరు వేల మీటర్ల లోతుకు ఏ చదువు తీసుకెళుతుంది?

ప్రశ్న: మాది చిత్తూరు. నాకు వెల్డింగ్ షాపు ఉంది. మా అమ్మాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం ఎం.పి.సి. చదువుతోంది. నిన్నమొన్నటి దాకా కంప్యూటర్ సైన్స్ అన్న పిల్ల, మనుషుల్ని సముద్రంలో ఆరు వేల మీటర్ల లోతుకు దించడానికి మన దేశం తయారుచేస్తున్న మత్స్య 6000 వాహనం వార్తలు చూసినప్పటి నుంచి సముద్రపు అడుగును పరిశోధించే చదువే చదువుతానంటోంది. తనకు ఈత కూడా రాదు. సముద్రంలో మనుషులతో సహా నలిగిపోయిన టైటాన్ అనే వాహనం ప్రమాదం గుర్తొచ్చి వాళ్ళమ్మ భయపడుతోంది. ఈ దారిలో ఉద్యోగాలున్నాయా? ఏ కోర్సులో చేర్చమంటారు?

జవాబు: ఈత రాకపోవడం ఈ దారికి అడ్డు కాదండీ. అంత లోతులో మనిషి నీటిని తాకనే తాకడు. మత్స్య 6000లో ముగ్గురు కూర్చునే గోళం లోపలి వ్యాసం 2.1 మీటర్లు, దాని లోపల గాలి పీడనం మీ షాపులో ఉన్నంతే ఉంటుంది. గోళానికి బయట ఏముందన్నదే అసలు సమస్య, మీ అమ్మాయి ఏ కోర్సు చదవాలన్నది కూడా దాన్నిబట్టే తేలుతుంది.

సముద్రంలో పది మీటర్లు దిగినకొద్దీ ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. వంటింట్లో కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల ఉండే అదనపు పీడనం దాదాపు అంతే. ఆరు వేల మీటర్ల దగ్గర అది ఆరు వందల రెట్లు, అంటే బొటనవేలి గోరంత జాగా మీద సుమారు ఆరు క్వింటాళ్ళ బరువు. పసిఫిక్ మహాసముద్రంలో మరియానా అగాధంలోని చాలెంజర్ డీప్ లోతు దాదాపు 10,900 మీటర్లు. తిరుమల కొండలు పదింటిని ఒకదానిపై ఒకటి పేర్చినా అక్కడ మునిగిపోతాయి. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అనే ఇద్దరు, లోతుకు దిగే వాహనం ట్రియెస్ట్‌లో కూర్చుని అక్కడికి దిగుతుండగా, తొమ్మిది వేల మీటర్ల దాపులో ఒక కిటికీ పలక చిట్లింది. అయినా అడుగుకు చేరి, ఇరవై నిమిషాలు మాత్రమే ఉండి, పైకి వచ్చేశారు. కొన్నేళ్ళ క్రితం నా దగ్గర సలహాకు వచ్చి, తరువాత పరిశోధన నౌక ఎక్కిన ఒక అబ్బాయి నాకొక థర్మకోల్ టీ కప్పు తెచ్చిచ్చాడు. పరికరాలతో పాటు సంచిలో కట్టి లోతుకు దించిన ఆ కప్పు, దానిలోని గాలంతా అణిగిపోయి, కుంకుమ భరిణె అంత అయి తిరిగివచ్చింది. దాని మీద అతను రాసిన తన పేరు కూడా చెదరకుండా అంతే నిష్పత్తిలో చిన్నదైంది. పీడనం గురించి పిల్లలకు నేను చెప్పే పాఠం కంటే ఆ కప్పు చెప్పేదే ఎక్కువ.

మత్స్య 6000లో ఈ బరువును ఆపేది 80 మిల్లీమీటర్ల మందం గల టైటానియం మిశ్రమలోహపు గోడ. ఇది మీ వృత్తికి దగ్గరి విషయం కాబట్టి కొంచెం నిలిచి చెబుతాను. ఆర్గాన్ వెల్డింగ్ (అతుకుకు గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు వదిలే పద్ధతి) చేసినవారికి తెలిసే ఉంటుంది, వేడెక్కిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ పీల్చుకుని పెళుసుబారుతుంది. అతుకు వెండిలా మెరిస్తే మంచిది. నీలం తిరిగితే అనుమానించాలి. బూడిద రంగుకో తెల్లటి పొడికో వస్తే కోసి పారేయవలసిందే. అంత మందపు అర్ధగోళాలను గాలి తీసేసిన గదిలో ఎలక్ట్రాన్ పుంజంతో అతికే పని మన దేశంలో ఇస్రో సహకారంతో సాగుతోంది. అతుకులో కంటికి కనబడని లోపాలను కూడా పరీక్షించి చూశాకే ఆ గోళాన్ని నీటిలోకి దించుతారు.

రెండో సమస్య మాట వినబడటం. తిరుపతి నుంచి చిత్తూరు వచ్చే దారిలో గాదంకి దగ్గరున్న వాతావరణ పరిశోధనా కేంద్రపు రాడార్‌ను మీరు ఎన్నోసార్లు దాటి ఉంటారు. అది రేడియో తరంగాలతో ఆకాశంలో అనేక కిలోమీటర్ల ఎత్తు వరకు గాలి కదలికలను చూస్తుంది. అవే తరంగాలను ఉప్పునీటిలోకి పంపితే కొద్ది దూరంలోనే ఆరిపోతాయి. జీపీఎస్ పనిచేయదు, ఫోను పనిచేయదు. మిగిలేది శబ్దం ఒక్కటే. అది నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో వెళుతుంది కనుక, ఆరు వేల మీటర్ల కింద ఉన్నవారు పలికిన మాట పైనున్న నౌకకు చేరడానికి నాలుగు సెకన్లు పడుతుంది, జవాబుకు మరో నాలుగు. మొత్తం సముద్రపు అడుగులో ఆధునిక పద్ధతిలో కొలిచి పటం గీసింది నేటికీ నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే కావడానికి, ఇలా శబ్దం మీదే ఆధారపడవలసి రావడం ఒక ముఖ్య కారణం.

ఇక కోర్సు. లోతైన సముద్రంలోకి వెళ్ళడమనేది ఒక చదువు కాదు. నాలుగైదు చదువుల వాళ్ళు కలిసి చేసే పని. కాబట్టి అమ్మాయిని 'సముద్రం ఇష్టమా?' అని అడగకండి, పైన చెప్పిన సమస్యల్లో ఏది ఆమెను నిద్రపోనివ్వడం లేదో అడగండి. గోడ ఎందుకు నలగదన్న ప్రశ్న అయితే మెకానికల్ గానీ మెటలర్జీ (లోహశాస్త్రం) గానీ తీసుకోవాలి. వరంగల్, తిరుచ్చి ఎన్.ఐ.టి.లలో మెటలర్జీ ఉంది, మెకానికల్ తిరుపతి ఐ.ఐ.టి.లోనే ఉంది. శబ్దం, సోనార్ (శబ్దంతో నీటి అడుగును చూసే పద్ధతి) అయితే ఎలక్ట్రానిక్స్ చదివి, గేట్ రాసి పైచదువులో నీటి అడుగు శబ్దశాస్త్రం వైపు వెళ్ళవచ్చు. వాహనం మొత్తం రూపకల్పన మీద మనసుంటే మద్రాసు, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లలో నావల్ ఆర్కిటెక్చర్ (నౌకల రూపకల్పన), ఓషన్ ఇంజనీరింగ్ కోర్సులున్నాయి. విశాఖపట్నంలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీలో చేరడానికి వేరే ప్రవేశ పరీక్ష రాయాలి. అడుగున ఉన్న ప్రాణులు, రాళ్ళు, వేడినీటి ఊటలు ఆకర్షిస్తే తిరుపతిలోని విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లో బి.ఎస్.-ఎం.ఎస్. చేసి, లేదా మామూలు బి.ఎస్‌సి. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రం చదివి, పరిశోధనలోకి వెళ్ళాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మెరైన్ ఇంజనీరింగ్ వేరు, ఓషన్ ఇంజనీరింగ్ వేరు. మొదటిది నౌకల ఇంజన్లు నడిపే మర్చంట్ నేవీ చదువు. మంచిదే, కానీ మీ అమ్మాయి అడుగుతున్నది అది కాదు. రెండింటినీ కలిపేసి చెప్పి సీటు అంటగట్టే ఏజెంట్లను నేను ప్రతి ఏడూ చూస్తున్నాను.

ఉద్యోగాల గురించి నిజం చెప్పాలి. గోళంలో కూర్చుని దిగేవారు దేశం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. దాని వెనుక పనిచేసేవారు చాలామంది. 2021లో కేంద్ర మంత్రివర్గం లోతు సముద్ర పరిశోధన పథకమైన డీప్ ఓషన్ మిషన్‌కు అయిదేళ్ళకు 4,077 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో భాగంగా మత్స్య 6000ను తయారుచేసి దించే సముద్రయాన్ పనిని చేస్తున్నది చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. మధ్య హిందూ మహాసముద్రంలో 75 వేల చదరపు కిలోమీటర్ల మేర, నికెల్, రాగి, కోబాల్ట్, మాంగనీసు ఉన్న ముద్దలను అన్వేషించే హక్కు భారత్‌కు ఉంది. హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, విశాఖలోని నౌకాదళ పరిశోధన ప్రయోగశాల ఎన్.ఎస్.టి.ఎల్. వంటి చోట్ల, తీరానికి దూరంగా చమురు, వాయువు తీసే కంపెనీల్లో కూడా ఈ నైపుణ్యాలకు పని ఉంటుంది. అయితే పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు ఒప్పంద పద్ధతిలో ఉంటాయి, స్థిరపడటానికి ఎం.టెక్. గానీ పిహెచ్.డి. గానీ చేయాలి. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాళ్ళు కారు కొనేనాటికి ఈమె ఇంకా స్టైపెండ్ మీద ఉండవచ్చు. ఇది మీరిద్దరూ ముందే ఒప్పుకుని అడుగువేయండి. మెకానికల్, ఎలక్ట్రానిక్స్ వంటి మూల బ్రాంచిని నేను ముందు చెప్పడానికి కారణం కూడా ఇదే: మనసు మారినా ఆ డిగ్రీకి వేరే దారులుంటాయి.

అమ్మగారి భయం అర్థం చేసుకోదగినదే. 2023 జూన్‌లో నలిగిపోయిన టైటాన్ గోడ కార్బన్ ఫైబర్‌ది. స్వతంత్ర సంస్థ చేత ధ్రువీకరణ చేయించకుండానే దాన్ని నడిపారు, నిపుణులు ముందుగా హెచ్చరించినా వినలేదు. మరోవైపు 1964 నుంచి పనిచేస్తున్న అమెరికా వారి లోతు వాహనం ఆల్విన్ అయిదు వేలకు పైగా సార్లు దిగి తిరిగివచ్చింది. 2020 జూన్‌లో చాలెంజర్ డీప్ అడుగును చేరిన తొలి మహిళ కాథరిన్ సల్లివన్ అంతకు ముందే వ్యోమగామిగా అంతరిక్షంలో నడిచారు. ఆమె చదివింది భూగర్భ శాస్త్రం.

ప్రస్తుతానికి ఇంటర్ మార్కులూ జేఈఈ తప్ప వేరే ఏదీ మార్చవద్దు, ఐసర్ ప్రవేశ పరీక్షకు కూడా దరఖాస్తు పెట్టించండి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు షాపులో ఒక టైటానియం ముక్క దొరికితే, ఆర్గాన్ సరిగా వదిలి ఒక అతుకు, వదలక ఒక అతుకు వేసి, రెండూ ఆమె చేతికివ్వండి. రంగు ఎందుకు మారిందని ఆమె ఆగకుండా అడుగుతుంటే బ్రాంచి ఎంచుకునేటప్పుడు నన్ను మళ్ళీ అడగవలసిన అవసరం మీకు ఉండదు. అడగకపోతే ఎలక్ట్రానిక్స్, భూశాస్త్రాల గురించి మాట్లాడదాం, ఇద్దరూ కలిసి రండి.