కరెంటు స్తంభం మీద గద్ద గూడు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: తాడేపల్లి దగ్గర మా చేపల చెరువు గట్టున 11 కేవీ స్తంభం మీద ఓ గద్ద గూడు కడుతోంది. లైన్‌మ్యాన్ పుల్లలు పీకేసినా మర్నాడే మళ్లీ తెస్తోంది. చేపలు పడుతోంది కాబట్టి ఆస్ప్రే అనే గద్ద అంటున్నారు. దానికి షాక్ కొట్టకుండా ఏం చేయాలి?

జవాబు: గూడు కడుతోందంటే ఆస్ప్రే కాదు. ఆస్ప్రే మన కృష్ణ ఒడ్డుకు చలికాలం గడపడానికే వస్తుంది, గూడు పెట్టదు. తల, రొమ్ము తెల్లగా, మిగతా ఒళ్లంతా ఇటుక రంగులో ఉంటే మీది గరుడపక్షి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా దాని గూళ్ల కాలం.

ఒక్క తీగ మీద వాలితే ఏ గద్దకూ ఏమీ కాదు. రెండు తీగలు ఒకేసారి తగిలినా, రెక్క తీగకూ, కాలు ఇనుప క్రాస్ ఆర్మ్‌కూ (తీగల్ని మోసే అడ్డ కమ్మీ) ఒకేసారి తగిలినా ప్రమాదం. తీగకూ క్రాస్ ఆర్మ్‌కూ మధ్య ఎడం సుమారు జానెడు, గరుడపక్షి రెక్కలు చాస్తే నాలుగడుగులు! పొడి ఈకలు కొంత కాపాడతాయి, తడిసినవి కాపాడవు. పుల్లలూ అంతే, వాన పడిందంటే లైను ట్రిప్పవుతుంది.

పీకడం మానండి, వేరే చోటు చూపండి. అమెరికాలో, ఐరోపాలో ఆస్ప్రేలకు చేసేది ఇదే. లైను స్తంభం కన్నా నాలుగైదు అడుగులు ఎత్తుండే వేరే స్తంభం పాతాలి. విరిగి పడినా తీగల మీద పడనంత దూరంలో ఉండాలి. పైన మూడడుగుల చదరపు చెక్క ఫ్రేము, అడుగున ఇనుప జాలీ. రేకు పరిస్తే నీళ్లు నిలుస్తాయి. పాత గూటి పుల్లలు కొన్ని జాలీకి కట్టి ఉంచండి. అయితే గరుడపక్షికి చెట్టే ఎక్కువ ఇష్టం, గట్టున పెద్ద చెట్టుంటే కొట్టకండి.

గుడ్లు పెట్టేసి ఉంటే మాత్రం గూడు కదపకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పొదగడానికి దాదాపు 27 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో ఏడు వారాలు పడుతుంది. అంతవరకు గూటికి దగ్గరున్న తీగకు, జంపర్లకు (తీగల్ని కలిపే చిన్న తీగలు) ఇన్సులేషన్ తొడుగులు వేయమని విద్యుత్ సంస్థను అడగండి.

ప్రశ్న: స్తంభానికి ముళ్లు బిగిస్తే, తీగకు టేపు చుడితే సరిపోదా?

జవాబు: ముళ్ల మధ్య పుల్లలు ఇంకా గట్టిగా ఇరుక్కుంటాయి, గూడు కట్టడం తేలికవుతుంది. మామూలు టేపు ఎండకు పగులుతుంది, 11 కేవీకి అసలు చాలదు. 11 కేవీకి తయారైన తొడుగులే కావాలి. మీరు మాత్రం స్తంభం ఎక్కకండి. 1912కు ఫోన్ చేసి స్తంభం నంబరు, దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ పేరు చెబితే వాళ్లే ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించే అనుమతి) తీసుకుని పని చేస్తారు.