కండక్టర్ కాలేకపోతే టీచర్‌గా మిగిలిపోతాడా?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. చిన్నప్పటి నుంచి వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటున్నాడు. ఆర్కెస్ట్రా కండక్టర్ (వాద్య బృందం ముందు నిలబడి చేతి సైగలతో నడిపించేవాడు) అవుతానని పట్టుబట్టాడు. ఆన్‌లైన్‌లో కండక్టింగ్ సర్టిఫికెట్ కోర్సు ఉందట, చేర్పించమంటారా? కండక్టింగ్, మ్యూజిక్ టీచింగ్... దేనికి భవిష్యత్తు ఉంది? చివరికి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ మిగిలిపోతాడేమోనని భయంగా ఉంది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అసలు ప్రశ్న ఆఖరి వాక్యంలోనే ఉంది. ముందు ఒక మాట. 'పాఠాలు చెప్పుకుంటూ మిగిలిపోవడం' అని అబ్బాయి ముందు ఎప్పుడూ అనకండి. ప్రాంతీయ ఆర్కెస్ట్రాల కండక్టర్లలో చాలామందికి ఇల్లు గడిచేది ఆ పాఠాలతోనే. అలాంటి ఆర్కెస్ట్రా ఏడాదికి ఆరేడు కచేరీలు చేస్తుంది. ఒక్కో కచేరీకి నాలుగైదు రిహార్సల్స్ ఉంటాయి. ఆ పనికి పూర్తి జీతం ఎవరిస్తారు? అందుకే ఒకే మనిషి రెండు ఆర్కెస్ట్రాలు, ఒక యూత్ ఆర్కెస్ట్రా, ఒక కాలేజీ ఉద్యోగం కలిపి నెట్టుకొస్తాడు. మీరు రెండు దారులనుకుంటున్నవి చాలామందికి ఒకే జీవితం.

ఇక ఆ సర్టిఫికెట్ కోర్సు. నాకు దాని మీద నమ్మకం లేదు. నాలుగు దెబ్బల బీటు చేతికి రావడానికి వారం చాలు. కానీ రికార్డింగ్ పెట్టుకుని చేతులూపేవాడికి ఒక చెడ్డ అలవాటు పడుతుంది: శబ్దం విన్నాక చేయి కదులుతుంది. మనుషుల ముందు నిలబడినా అదే చేస్తాడు. వాయించేవాళ్లు అతని చేయి కోసం, అతను వాళ్ల శబ్దం కోసం ఎదురుచూస్తుంటే లయ బార్ బార్‌కీ (బార్ అంటే స్వరలిపిలో ఒక తాళపు గడి) జారిపోతుంది. ఫీజు కట్టి వెళ్లే మాస్టర్‌క్లాసులూ అంతే. రోజుకు 20 నిమిషాలు పోడియం (కండక్టర్ నిలబడే గద్దె) దక్కితే గొప్ప. దరఖాస్తుకు వీడియో కావలసి వచ్చినప్పుడు అవి పనికొస్తాయి, 17 ఏళ్లకు కాదు.

ఆర్కెస్ట్రా తన కండక్టర్‌ని చేతిని చూసి కాదు, చెవిని చూసి నమ్ముతుంది. రిహార్సల్ ఆపి 'మళ్లీ వాయించండి' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. 'రెండో వయొలిన్లు, 43వ బార్, బో కొస దగ్గర, ఇంకా చిన్నగా' అంటే అయిదు సెకన్లలో పని అయిపోతుంది. కొన్ని వాద్యాలకు రాసిన స్వరం ఒకటి, వినిపించేది ఇంకొకటి. బి-ఫ్లాట్ క్లారినెట్ కాగితం మీద 'సి' చూసి వాయిస్తే బి-ఫ్లాట్ వినిపిస్తుంది. ఎఫ్ హార్న్ 'సి' వాయిస్తే కింది 'ఎఫ్' వినిపిస్తుంది. ఇది తెలియక సరైన స్వరాన్ని తప్పన్నవాడి మాట ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు.

మన దేశంలో పుట్టి ప్రపంచ ప్రసిద్ధ కండక్టర్ అయిన జుబిన్ మెహతా సంగతేమిటని అడుగుతారేమో. ఆయన తండ్రి బొంబాయిలో సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించిన వయొలిన్ విద్వాంసుడు. జుబిన్ 1954లో వియన్నా వెళ్లి, హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర కండక్టింగ్ నేర్చుకుంటూనే డబుల్ బాస్ కూడా వాయించాడు. అంటే ఆర్కెస్ట్రాను లోపల కూర్చుని విన్నాడు. మీ వాడికి ముందు కావలసింది ఆ కుర్చీ.

టీచింగ్ గురించి మీ భయం అనవసరం. మ్యూజిక్ ఎడ్యుకేషన్ డిగ్రీలో తీగ వాద్యాలు, గాలి వాద్యాలు, పెర్కషన్ అన్నీ కొంచెం కొంచెం పట్టిస్తారు. కండక్టర్‌కు ఇంతకంటే పనికొచ్చే చదువు ఏముంది? స్కూల్ ఆర్కెస్ట్రా టీచర్ 30 మంది పిల్లల ముందు రోజూ నిలబడతాడు. అదే పెద్ద ఆర్కెస్ట్రాలో అసిస్టెంట్ కండక్టర్ వారాల తరబడి హాల్లో స్కోరు (అన్ని వాద్యాల స్వరాలూ కలిపి రాసిన పుస్తకం) పట్టుకుని కూర్చోవలసి వస్తుంది. అయితే పిల్లల అపస్వరాలు అరగంట వినే ఓపిక లేనివాణ్ణి మాత్రం ఇటు పంపకండి. వాడికీ నష్టం, పిల్లలకీ నష్టం.

డిగ్రీకి వయొలిన్‌లోనో మ్యూజిక్ ఎడ్యుకేషన్‌లోనో చేర్చండి. కండక్టింగ్ మాస్టర్స్‌లో చూద్దాం. ఈ నెలలోనే పియానో మొదలుపెట్టించండి; స్కోరు వాయించి చూసుకోవడానికి అది తప్పదు. హైడన్ రాసిన క్వార్టెట్ (నాలుగు తీగ వాద్యాల రచన) ఒకటి తీసుకుని, అందులో వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) వరుసను దానికి వాడే ఆల్టో క్లెఫ్ అనే స్వరలిపి గుర్తులో చదువుతూ రోజూ పది నిమిషాలు పాడమనండి. వారానికి రెండు రోజులు ఒక కొత్త విద్యార్థికి వయొలిన్ నేర్పనివ్వండి. మూడు నెలల తర్వాత వాడికి ఏది ఇష్టంగా ఉందో చెప్పమనండి. ఆ జవాబుతో మళ్లీ రాయండి, కాలేజీల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.