సాలూరు బండి వేళలు వెతికే అల్లుడికి

మర్రిపాలెం,
విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి, మావయ్య దీవెనలు.

బొబ్బిలి–సాలూరు బండి పాత టైంటేబుళ్లు ఎక్కడ దొరుకుతాయని అడిగావు. అవి దొరికిన రోజున ఏం చేయకూడదో ముందు చెబుతాను. ఆ తప్పు చేసినవాణ్ని నేనే.

రైల్వే ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక పాత కాగితాల కట్టలో సాలూరు పేజీ కనబడింది. ఆత్రం కొద్దీ ఆ ఒక్క పేజీనే చేత్తో ఎక్కించుకున్నాను, అట్ట తిప్పి చూడలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే వేళలున్నాయి, ఏ సంవత్సరానివో తెలీదు. మళ్లీ వెళ్లేసరికి కట్ట తూకానికి పోయింది. అందుకని ముందు అట్ట ఫొటో తియ్యి. ఏ తేదీ నుంచి అమలో అక్కడే ఉంటుంది. తర్వాత గుర్తుల వివరణ పేజీ, మధ్యలో అతికించిన దిద్దుబాటు చీటీలు ఉంటే అవీ తియ్యి. ఆఖరున నీ సాలూరు.

ఇంకో చిక్కు, పేర్లు. బొబ్బిలి మీదుగా పార్వతీపురం వైపు లైను 1908–09లో వచ్చింది, బొబ్బిలి నుంచి సాలూరు దాకా 1913లో వేశారు. పట్టాలు అక్కడే ఉన్నాయి, బోర్డు మీద పేరే మారుతూ వచ్చింది. మొదట బెంగాల్ నాగపూర్ రైల్వే, మనవాళ్ల నోట బీఎన్నార్. 1944 అక్టోబరులో సర్కారు చేతికొచ్చాక కూడా అదే పేరు. 1952లో ఈస్టర్న్, 1955 ఆగస్టు నుంచి సౌత్ ఈస్టర్న్, 2003లో ఈస్ట్ కోస్ట్. 1953 నాటి వేళలు కావాలంటే ఈస్టర్న్ రైల్వే పుస్తకం అడగాలన్నమాట. స్వాతంత్ర్యానికి ముందు వాల్తేరు దగ్గర రెండు కంపెనీలు కలిసేవి. దక్షిణం వైపు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా వాళ్లది. వాళ్ల పుస్తకంలో సాలూరు కోసం తెల్లారేదాకా వెతికినా దండగే. మన విశాఖపట్నం స్టేషను పేరు కూడా 1987 దాకా వాల్తేరే, సూచికలో ఆ పేరుతోనే చూడు.

అన్నిటికంటే పెద్ద గొయ్యి గడియారం. యుద్ధం రోజుల్లో, 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా, దేశమంతా గడియారాలు గంట ముందుకు తిప్పారు. అప్పటి పుస్తకంలో ఉదయం ఏడు అంటే మామూలు లెక్కన ఆరు. 1941 పుస్తకమూ 1943 పుస్తకమూ పక్కన పెట్టుకుని, అంకె మారలేదు కాబట్టి బండి వేళ మారలేదని రాసేశావనుకో, తెలిసినవాడు నవ్వుతాడు. విజయనగరం మెయిన్ లైను జోలికి కూడా వెళ్తే, 1905కు ముందు రైళ్లకు మద్రాసు టైము. ఇప్పటి టైముకు అది సుమారు 9 నిమిషాలు వెనక.

ప్రయాణికుల టైంటేబుల్ దొరికిందని సంబరపడిపోకు. సిబ్బందికి వేరే వర్కింగ్ టైంటేబుల్ ఉంటుంది. గూడ్సులు, ఏ బండి ఎక్కడ ఆగి ఏ బండికి దారివ్వాలో, అన్నీ అందులోనే. రెండూ దొరికితే నీ అదృష్టం. గ్రాఫు కాగితం తీసుకుని బండ్ల రాకపోకలు చూసే కంట్రోల్ ఆఫీసువాళ్ల చార్టులా అడ్డంగా వేళలు, నిలువుగా స్టేషన్లు వేసి ఒక్కో బండికి ఒక్కో గీత గియ్యి. సింగిల్ లైను కదా, ఎదురుబండ్ల గీతలు రెండు స్టేషన్ల నడుమ కలుసుకున్నాయంటే ఎక్కడో అచ్చుతప్పు పడింది, లేదా నువ్వే తప్పు ఎక్కించావు. నా అనుభవంలో రెండోదే ఎక్కువ.

ఇక ఎక్కడ వెతకాలి అంటే, కలకత్తా న్యూమన్ కంపెనీ వేసిన ఇండియన్ బ్రాడ్‌షా అనే టైంటేబుల్ పుస్తకంలో అన్ని కంపెనీల బండ్లూ ఉండేవి, దాని పాత సంచికల కోసం చూడు. మన జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోది కాబట్టి చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌కి ఒకసారి వెళ్లక తప్పదు. ఆంధ్రా యూనివర్సిటీలో వి.ఎస్. కృష్ణా లైబ్రరీ నీకు దగ్గరే, అక్కడ మొదలుపెట్టు. మన జిల్లా మీద ఫ్రాన్సిస్ రాసిన 1907 నాటి గెజిటీర్ మీద మాత్రం ఆశ పెట్టుకోకు, అప్పటికి సాలూరు లైనే లేదు.

మా పెన్షనర్ల దగ్గరికి కూడా వెళ్లు. ఏ సంవత్సరం అని అడిగితే ఎవరికీ గుర్తుండదు. బొబ్బిలిలో దిగి ఏ బండి పట్టుకునేవారు బాబాయ్ అని అడుగు, గంటసేపు ఆపకుండా చెబుతారు.

ఆదివారం ఇంటికి రా. తేదీ లేని ఆ కాగితం ట్రంకుపెట్టెలోంచి తీసి ఉంచుతాను. నువ్వు తెచ్చే ఫొటోల్లో ఏ పుస్తకంతో దాని వేళలు కలుస్తాయో చూసి చెప్పు.

మీ మావయ్య