మూత్రం ఎక్కువగా పోసే గుర్రానికి ఏ పరుపు వేయాలి?

రోజూ పొద్దున్నకల్లా గడ్డి పరుపంతా తడిసి ముద్దవుతోందన్నారు కదండీ, చిక్కు గడ్డిలోనే ఉంది. అది తడిని అంతగా పీల్చుకోదు, కిందికి జార్చేస్తుంది. కర్రపొట్టు పెల్లెట్లకు, అంటే పొట్టును గట్టిగా నొక్కి చేసిన చిన్న గుళికలకు మారండి. పరిచాక కాస్త నీళ్లు చల్లితే ఉబ్బి మెత్తటి పొట్టవుతాయి. మూత్రం పడ్డచోటే ముద్దకడుతుంది కాబట్టి ఆ ముద్ద వరకు ఎత్తిపారేస్తే చాలు. అడుగున రబ్బరు మ్యాట్ ఉంటే ఇంకా మేలు. చిత్రిక పొట్టు కూడా ఫర్వాలేదు గానీ బ్లాక్ వాల్‌నట్ చెక్కది మాత్రం అస్సలు వద్దు, లామినైటిస్ (గిట్టల లోపల వాపు వచ్చే జబ్బు) తెచ్చిపెడుతుంది.

అన్నట్టు, పెద్ద గుర్రం రోజుకు 5 నుంచి 15 లీటర్లు పోయడం మామూలే. నీళ్లు తాగడం కూడా ఈమధ్యే బాగా పెరిగిందంటే మాత్రం పరుపు సంగతి తర్వాత, ముందు పశువైద్యుడికి చూపించండి. కిడ్నీ జబ్బో, కుషింగ్స్ అనే హార్మోన్ల జబ్బో కావచ్చు.