బండికి పాటలు సరే, ముందు కరెంటు సంగతి చూడు

ఒరేయ్ చిన్నా, బైక్‌కి పెట్టడానికి స్పీకర్లు కొన్నానని ఫోటో పెట్టావుగా, చూశా, బానే ఉన్నాయి గానీ డబ్బా మీద 500 వాట్స్ అని ఉందని మురిసిపోకు, అది పీక్ లెక్క, అంటే క్షణంపాటు మాత్రమే ఇవ్వగలిగేది, పక్కనే చిన్నక్షరాల్లో ఆర్ఎంఎస్ అని ఉంటుంది చూడు, అది ఆగకుండా ఇవ్వగలిగేది, నీకు నిజంగా వచ్చేది అదే.

బండి అంటే కారు కాదురా. బ్యాటరీ చిన్నది, దాన్ని ఛార్జ్ చేసే కాయిల్ కూడా హెడ్‌లైట్, ఇండికేటర్లు, హారన్ పోగా పెద్దగా ఏం మిగల్చదు. వాట్స్‌ని 12తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లో తెలుస్తుంది, 60 వాట్స్ అంటే 5 ఆంపియర్లు, స్పీకర్లకి సౌండ్ పెంచి పంపే యాంప్లిఫయర్, అదే యాంప్, వేడెక్కి తినేసేది మళ్లీ వేరే, అందుకే క్లాస్ డి యాంప్ తీసుకో, అది తక్కువ తింటుంది. బిగించాక ఇంజన్ ఐడిల్‌లో పెట్టి లైట్లేసి సౌండ్ ఫుల్ పెట్టి బ్యాటరీ దగ్గర వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టు, 13 వోల్ట్స్ పైన నిలబడితే ఓకే, 12.5 కిందకి జారుతుంటే నువ్వు వినే పాట బ్యాటరీని తాగేస్తున్నట్టే.

నేను మొదటిసారి యాంప్ వైరు డైరెక్ట్‌గా బ్యాటరీకే కలిపేశా, తాళం తీసేసినా అది మెల్లగా లాగుతూనే ఉంది, రెండ్రోజులు బండి తియ్యలేదు, మూడోరోజు సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ తప్ప ఏం లేదు, ఆఫీసు బట్టల్లో చెమటలు కక్కుతూ కిక్ కొట్టా. కాబట్టి రిలే పెట్టు, అది కరెంటుతో పనిచేసే స్విచ్, తాళం తిప్పితేనే యాంప్ ఆన్ అవ్వాలి. ఫ్యూజ్ మాత్రం బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోపే ఉండాలి, యాంప్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఎక్కడ ఒరిసి షార్టైనా ఆపేవాడుండడు.

అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది హ్యాండిల్ దగ్గరే. వైర్లు కట్టేముందు హ్యాండిల్ ఈ చివర్నించి ఆ చివరికి పూర్తిగా తిప్పి చూడు, ఎక్కడా బిగుసుకోకూడదు నలగకూడదు. నాకోసారి అక్కడే వైరు తోలు ఊడి ఫ్యూజ్ పోయింది, ఫ్యూజ్ ఉంది కాబట్టి ఫ్యూజే పోయింది. సైలెన్సర్ వైపు అసలు పోనీకు. జాయింట్లకి ఉత్త టేపు చుట్టకు, వానకి తడిసి ఎండకి జిగురు కారి ఊడొస్తుంది, జాయింటుని క్లిప్పులో పెట్టి నొక్కి క్రింప్ చేసి, వేడి చేస్తే ముడుచుకుని పట్టుకునే హీట్ ష్రింక్ ట్యూబ్ వెయ్యి. స్పీకర్లు వాటర్‌ప్రూఫే కదా, కాకపోతే తిరిగిచ్చెయ్.

ఇంజన్ రైజ్ చేస్తే పాటలో కూడా కుయ్యిమని సన్నగా మోగిందనుకో, స్పీకర్ని తిట్టకు, ఎక్కువగా ఎర్త్ సరిగ్గా పడకే అలా వస్తుంది, యాంప్ ఎర్త్‌ని బాడీకి కాకుండా నేరుగా బ్యాటరీ మైనస్‌కే కలిపి చూడు.

ఇంకోటి, 80 దాటితే గాలి హోరులో ఎంత పెట్టినా వినపడదు, సౌండ్ పెంచుకుంటూ పోతే వెనకోడి హారన్ కూడా వినపడదు. సిగ్నల్ దగ్గర తగ్గించు, అందరికీ నీ టేస్టే ఉండదు. వైరింగ్ మొత్తం అయ్యాక, టేపులు చుట్టేముందు ఒక ఫోటో పంపు, నేనొకసారి చూస్తా.

మీ బాబాయ్