నడవా తగ్గించి, భోజనాల గదికి వెలుగు తేవాలంటే

మీ ప్లాన్ చూశానండి. ఇంటి పొడవునా నడవాకే చోటంతా పోతోంది, భోజనాల గది నడిమధ్యలో చీకట్లో ఉండిపోతోంది అన్నారు. రెండిటికీ కారణం ఒకటే: ముందు గదులు పేర్చేసి, దారి తర్వాత వెతికారు.

ఎవరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి నడుస్తారో మొదట గీయండి. హాలును మధ్యకు తెచ్చి, పడకగదుల తలుపులు ఒక చిన్న లాబీలోకి తెరిస్తే నడవా చాలావరకు పోతుంది. భోజనాల గదిని బయటి గోడకు జరపండి. తలుపులు గోడ మధ్యలో కాకుండా మూలకు దగ్గరగా ఉండాలి. మీ రెండో పడకగదిలో తలుపు సరిగ్గా మధ్యలో పడింది, నడిచే దారి గదిని రెండుగా కోసేసింది. మంచం, బీరువా అదే స్కేలుకు గీసి చూడండి, ఎక్కడా పట్టవు.

కిటికీలు రెండు వేర్వేరు గోడలకు ఇస్తేనే గాలి బాగా ఆడుతుంది. మీది ఎండ ఎక్కువగా ఉండే చోటైతే పడమటి వైపు మెట్లు, స్టోర్ రూమ్, బాత్రూమ్ పెట్టండి. సాయంత్రపు ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది, సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. వంటగది, బాత్రూమ్ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటే పైపులు కలిసొస్తాయి.

మెట్ల విషయంలో మాత్రం రాజీ పడకండి. మెట్టు ఎత్తుకు రెండింతలు, దానికి అడుగు పెట్టే వెడల్పు కలిపితే 60 నుంచి 64 సెం.మీ. మధ్య రావాలి. మీరు వేసిన 20 సెం.మీ. ఎత్తు, 22 సెం.మీ. వెడల్పు లెక్కకు సరిపోయినా పెద్దవాళ్లకు దిగేటప్పుడు ప్రమాదం. 16, 29 చేయండి.

సవరించిన ప్లాన్‌లో ఉత్తరం ఎటో గుర్తు పెట్టి పంపండి, కిటికీల కొలతలు అప్పుడు చూద్దాం.