కలివికోడి అనే పక్షి అంత అరుదైపోవడానికి కారణమేంటి? అడవి బాగానే ఉంది కదా?

ఉన్నది అదే అడవి కాదండీ, అసలు చిక్కంతా అక్కడే. కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు, ఖాళీ మైదానమూ పనికిరాదు. కలివి, రేగు, తుమ్మ పొదలు అక్కడక్కడా ఉండి మధ్యలో నడవడానికి నేల కనిపించే చిట్టడవి కావాలి. కొద్దిపాటి మేత, కట్టెలు కొట్టడం వల్ల ఆ ఖాళీలు నిలుస్తాయి, అది మితిమీరితే పొదలే మిగలవు, పూర్తిగా ఆపేస్తే కమ్ముకుపోతాయి.

బ్రిటిష్ పక్షి శాస్త్రవేత్త జెర్డాన్ కనుగొనగా, 1848లో బ్లైత్ అనే మరో శాస్త్రవేత్త వర్ణించిన ఈ పక్షి 1900 తర్వాత కనబడలేదు. అంతరించిందనుకుంటే 1986లో కడప జిల్లా సిద్ధవటం దగ్గర దొరికింది, ఆపై లంకమల అభయారణ్యం వచ్చింది. కానీ దాని చుట్టూ ఉన్న చిట్టడవిని 'బీడు' అనే చూశారు. యంత్రాలతో చదును చేసి నిమ్మతోటలు పెట్టారు, 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని ఆవాసంలోకే వచ్చేసరికి కాలువ దారి మార్చాల్సి వచ్చింది.

రాత్రిపూట తిరిగే పక్షి కాబట్టి లెక్కపెట్టడం మహా కష్టం. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, మూడు వేళ్ల అడుగుజాడ పడిందేమో పొద్దున్నే చూసేవారు. సాయంత్రం చీకటి పడేవేళ కాసేపే కూస్తుంది. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు ఆ కూతను మళ్లీ రికార్డు చేశారు, నాకైతే అంతకన్నా మంచి వార్త లేదు. ఇప్పుడు చేయాల్సింది ఒకటే, అభయారణ్యం బయటున్న చిట్టడవిని కూడా బంజరు లెక్కలోంచి తీసి కాపాడాలి. మంచి ఉద్దేశంతోనైనా సరే, అక్కడ చెట్లు నాటే కార్యక్రమాలు మాత్రం దయచేసి పెట్టొద్దు.